స్వెటర్లు మన ఊరికి రాకముందే జిరంగ చూడాలి

చలికాలం వస్తే మన ఊళ్లలో రోడ్డు పక్కన వరసగా గుడారాలు వేసుకుని స్వెటర్లు అమ్మే టిబెటన్లు అందరికీ తెలుసు. టిబెటన్ల ఊరు చూడాలంటే మాత్రం అందరూ కర్ణాటకలోని బైలకుప్పే పేరే చెబుతారు. ఉత్తరాంధ్ర వాళ్లకు అంత దూరం అక్కర్లేదు. పాతపట్నం దాటి పర్లాకిమిడి మీదుగా ఒడిశా గజపతి జిల్లా కొండలెక్కితే టిబెటన్లు ఉండే చంద్రగిరి, జిరంగ వచ్చేస్తాయి. మేం సెప్టెంబరు చివర్లో కారులో వెళ్లాం.

పర్లాకిమిడిలో ఒడియా రాకపోయినా ఇబ్బంది లేదు, తెలుగుతో పని జరిగిపోతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆయన ఇక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని నిఘంటువు రాసింది కూడా ఇక్కడున్నప్పుడే. ఊరు దాటాక వచ్చేదంతా ఆ సవరల కొండలే. బస విషయంలో మాత్రం జాగ్రత్త. మేం దిగిన లాడ్జిలో ఫోన్లో చెప్పిన అద్దె ఒకటి, కౌంటర్ దగ్గర అడిగింది ఇంకొకటి. పైగా దుప్పట్లు మార్చమని మూడుసార్లు అడగాల్సి వచ్చింది.

ఇక జలపాతాలు. గండాహతి పర్లాకిమిడికి దగ్గర. కింద నిలబడి చూసేందుకు వీలుగా ఉంటుంది, పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లొచ్చు. ఆదివారం మాత్రం వద్దు. పిక్నిక్ బ్యాచ్‌ల సౌండ్ బాక్సుల ముందు నీటి చప్పుడు వినపడదు. మోహన వైపు ఖసడా ఉంది. దారి సన్నం, వాన పడితే టెన్షనే, అక్కడ మాకు టీ కొట్టు కూడా కనిపించలేదు. అయినా రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను ఖసడాకే వెళ్తాను. అడవి మధ్యలో బండల మీద నుంచి దూకే నీళ్లు, పక్కన మనం తప్ప ఎవరూ లేరు. బండలు నాచుపట్టి ఉంటాయి, పిల్లల చెయ్యి వదలొద్దు.

1959లో దలైలామా టిబెట్ వదిలి వచ్చాక ఆయన వెనకాలే వచ్చిన వాళ్లలో కొందరికి 1963లో చంద్రగిరి దగ్గర చోటిచ్చారు. క్యాంపులంటారు, నిజానికి పక్కా ఊళ్లే. ఇళ్ల మీద రంగురంగుల ప్రార్థన జెండాలు, చుట్టూ మొక్కజొన్న చేలు. జిరంగలోని బౌద్ధ ఆరామం పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. లోపల 20 అడుగులు దాటిన బుద్ధ విగ్రహం, గోడల నిండా బొమ్మలు. మా అత్తయ్యగారు ప్రదక్షిణ అనగానే ముందుకు నడిచారు, ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు, అక్కడా కుడివైపుగానే తిరుగుతారు. ప్రార్థన జరిగేటప్పుడు ఫోన్ లోపల పెట్టుకోండి. చిన్న భిక్షువులు నవ్వుతూనే ఉంటారు గానీ సెల్ఫీలంటే వాళ్లకూ విసుగే.

తిండి బాగుంది. తుక్పా (నూడుల్స్ సూప్) వేడివేడిగా తెచ్చారు, మోమోలు అప్పటికప్పుడు చేసిచ్చారు, కాబట్టి కాస్త ఆగాలి. వెన్న టీ ఉప్పగా ఉంటుంది. మావాళ్లలో నాకు తప్ప ఎవరికీ నచ్చలేదు.

ఎప్పుడు వెళ్లాలన్నదే అసలు ప్రశ్న. మనవాళ్లు డిసెంబరు సెలవులకు వెళ్తారు. చలి బాగుంటుంది, కానీ అప్పటికి జలపాతాల్లో నీళ్లు తగ్గుతాయి. క్యాంపుల్లో పనిచేసే వయసు వాళ్లు చాలామంది స్వెటర్ల మూటలతో పట్నాలకు వెళ్లిపోతారు, ఇళ్లలో ముసలివాళ్లే కనిపిస్తారు. ఫిబ్రవరి, మార్చిలో వాళ్ల కొత్త సంవత్సరం లోసర్‌కి ఊరు నిండుగా ఉంటుంది గానీ నీళ్లు ఉండవు. రెండూ కావాలంటే దసరా ముందు వారాలే.

తిరుగు దారిలో బరంపురం వైపు దిగితే తప్తపాణి వేడినీటి బుగ్గ తగులుతుంది. అక్కడ ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్ ఉంది. రాత్రి బసకు పర్లాకిమిడి కంటే అదే నయం, ముందే బుక్ చేసుకోవాలి. రైల్లో వచ్చేవాళ్లు బరంపురంలో దిగి ట్యాక్సీ మాట్లాడుకుంటే జిరంగ సుమారు 90 కిలోమీటర్లు. ఘాట్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, యూపీఐని నమ్ముకోకుండా చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి.