మెయిన్ తీరపు తెరచాప ఓడల్లో ఒక రోజు: కొన్ని వేసవుల అనుభవం మీద సమీక్ష

అమెరికా ఈశాన్యపు కొసన, మెయిన్ రాష్ట్రంలోని పెనాబ్‌స్కాట్ అఖాతంలో తిరిగే తెరచాప ఓడల విహారయాత్రలకు ముందుగా వేసుకున్న దారి అంటూ ఉండదు. రాక్‌లాండ్ నుంచో కామ్‌డెన్ నుంచో బయలుదేరి, కొద్ది రోజుల తరువాత అక్కడికే తిరిగి వస్తారు. నడుమ ఏ రాత్రి ఏ ద్వీపం చాటున లంగరు దించాలో ఆనాటి గాలిని, ఆటుపోట్లను చూసి కెప్టెన్ నిర్ణయిస్తారు. ఈ అనిశ్చితిని భరించలేనివారికి మిగిలినవన్నీ ఎంత బాగున్నా ఈ యాత్ర నచ్చదు. కొన్నేళ్లుగా, ఒకటికి మించిన ఓడల్లో, వేసవి మొదట్లోనూ చివర్లోనూ వెళ్లివచ్చాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, ప్రకటనల్లో కనిపించే ఒడ్డు మీది విందు, రాత్రి పాటలు బాగానే ఉంటాయి గాని, మనం ఇచ్చిన డబ్బుకు అసలు ప్రతిఫలం ఉదయం పదింటికీ సాయంత్రం నాలుగింటికీ మధ్య, ఏ కార్యక్రమమూ లేని గంటల్లోనే దొరుకుతుంది.

రోజు మొదలయ్యేది వంటగదిలో. చాలా ఓడల్లో ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదనే వండుతారు కాబట్టి, వంట చేసేవారు తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేస్తారు. నిద్ర లేచి నిచ్చెన ఎక్కి డెక్ మీదికి వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంటుంది. రొట్టెలు కాలుతున్న వాసన పొగగొట్టం నుంచి ఓడంతా వ్యాపిస్తుంది. ఉదయం 8 గంటల ప్రాంతంలో ఫలహారం. తిండి విషయంలో నాకు ఎన్నడూ లోటు కనిపించలేదు. మాంసం, చేపలు తిననివారు ఆ మాట టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పాలి, ఎందుకంటే సరుకులన్నీ బయలుదేరే ముందే ఓడకెక్కుతాయి.

తరువాత తెరచాపలెత్తే పని. ఇందులో ప్రయాణికులు పాల్గొనాలన్న నిర్బంధం లేదు, కాని పాల్గొనకపోతే సగం యాత్ర పోయినట్టే. పెద్ద తెరచాప పైఅంచును ఒక బరువైన అడ్డకొయ్య మోస్తుంది. ఆ కొయ్యకు, తెరచాప స్తంభం వైపున్న కొసకు ఒక మోకు, బయటి కొసకు మరొక మోకు ఉంటాయి. డెక్‌కు చెరొక పక్కన రెండు వరుసలుగా నిలబడి, కొయ్య ఇంచుమించు అడ్డంగానే పైకి పోయేలా, రెండు మోకులనూ ఒకే వేగంతో లాగాలి. ఒక పక్క వారు ఉత్సాహపడి ముందుకు పోతే కొయ్య వాలిపోతుంది, సరంగు కేకలు మొదలవుతాయి. చివరికి బయటి కొసను ఇంకా పైకి లాగి, గుడ్డలో ముడతలు పోయేదాకా బిగిస్తారు. వదలమని చెప్పేవరకు మోకును వదలరాదు అన్న ఒక్క నియమం మాత్రం నిక్కచ్చిగా పాటించాలి. లంగరును కూడా కొన్ని ఓడల్లో చేతితో తిప్పే యంత్రంతోనే పైకి లాగుతారు, దానికి మాత్రం వెన్ను గట్టిగా ఉండాలి.

వేసవిలో ఇక్కడ పొద్దుటిపూట సముద్రం తరచుగా నిశ్చలంగా ఉంటుంది. నేల వేడెక్కే కొద్దీ నైరుతి గాలి అందుకుని, మధ్యాహ్నానికి బలపడుతుంది. అప్పుడు ఓడ ఒక పక్కకు ఒరిగి, ఆరేడు నాట్‌ల వేగంతో, అంటే గంటకు పదకొండు నుంచి పదమూడు కిలోమీటర్ల చొప్పున సాగుతుంది. గాలికి నేరుగా ఎదురు వెళ్లడం ఏ తెరచాప ఓడకూ సాధ్యం కాదు కనుక, కనబడుతున్న ద్వీపాన్ని చేరడానికి కూడా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్లుతూ పోవాలి. గమ్యం దగ్గరగా కనిపిస్తూనే రెండు గంటలు దొరకకపోవచ్చు. మొదట్లో ఇది విసుగు తెప్పిస్తుంది. తరువాత తరువాత, చుక్కాని పట్టుకునే అవకాశం ఇచ్చినప్పుడు, తెరచాప అంచు ఎప్పుడు రెపరెపలాడుతుందో చూస్తూ ఓడను గాలికి ఎంత దగ్గరగా నడపగలమో తెలుసుకోవడంలో ఆ రెండు గంటలూ చాలకుండా పోతాయి. ఎండ్రరొయ్యలను (లాబ్‌స్టర్లను) పట్టే బుట్టలను గుర్తుపట్టడానికి వేసిన రంగురంగుల బోయాలు, అంటే నీటిపై తేలే గుర్తులు, నీటి నిండా ఉంటాయి. ప్రతి జాలరికి తనదైన రంగుల పట్టీ ఉంటుంది, దాన్ని పడవ మీద కూడా చూపాలి. ఆ సంగతి తెలిశాక దారిలో ఎదురయ్యే ప్రతి పడవా ఎవరి బుట్టల కోసం వచ్చిందో చెప్పగలుగుతాం. సీళ్లు, డాల్ఫిన్‌ల వంటి పోర్పస్‌లు, చేపల వేట సాగించే ఆస్ప్రే గద్దలు తరచుగా కనిపిస్తాయి.

చాలా ఓడల్లో లోపల ఇంజనే ఉండదు కాబట్టి, గాలి అసలు లేని రోజున వెనక వేలాడదీసిన చిన్న మోటారు పడవను నీటిలోకి దించి, దాని ముక్కుతో ఓడ వెనుకభాగాన్ని నెట్టిస్తారు. ఆ రోజంతా డీజిల్ చప్పుడే. పొగమంచు రోజులు వేరు. వెచ్చని గాలి చల్లని సముద్రం మీదికి రావడంతో జూన్, జులై నెలల్లో ఇది తరచుగా కమ్ముతుంది. కదులుతున్న తెరచాప ఓడ రెండు నిమిషాలకు మించని వ్యవధిలో ఒక పొడవాటి కూత, రెండు పొట్టి కూతలు వేయాలని అంతర్జాతీయ నియమం. కొందరు కెప్టెన్లు ఆ రోజు లంగరు ఎత్తరు. ఆ నిర్ణయం మీద సణిగే ప్రయాణికులను చూశాను గాని, నా ఓటు కెప్టెన్‌కే.

సాయంత్రం ఏదైనా ద్వీపం చాటున లంగరు పడుతుంది. నీరు వేసవిలోనూ గడ్డకట్టించేంత చల్లగా ఉంటుంది కనుక ఈత కొట్టేవారు అరుదు. దూకినవారు దూకినంత వేగంగానూ పైకి వస్తారు. యాత్రలో ఒక సాయంత్రం ఒడ్డున మంట వేసి, సముద్రపు నాచు కప్పి ఎండ్రరొయ్యలను ఉడికిస్తారు.

ఇక గట్టిగా చెప్పవలసిన ఫిర్యాదు నిద్ర గురించి. కేబిన్లు డెక్ కింద ఉంటాయి; పైకప్పు తక్కువ, గోడలు పలుచని చెక్కలు, పక్కవారి గురక మన తలగడ మీదనే ఉన్నట్టు వినబడుతుంది. రాత్రి మూత్రానికి లేవాలంటే, చాలా ఓడల్లో, నిచ్చెన ఎక్కి డెక్ మీదికి వెళ్లాల్సిందే. ఈ ఇరుకుకు కారణం ఓడల పూర్వచరిత్రలో ఉంది. స్టీఫెన్ టేబర్, లూయిస్ ఆర్. ఫ్రెంచ్ అనే రెండు ఓడలూ 1871లో కట్టినవి. ఇలాంటివి కలప, ఇటుకల వంటి సరుకులు మోసేవి. లారీలు వచ్చి వాటి పని పోయాక, ఫ్రాంక్ స్విఫ్ట్ అనే ఆయన 1936లో కామ్‌డెన్ నుంచి ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. సరుకు ఉండే అరలోనే మంచాలు వచ్చాయి. 1962 నాటి మేరీ డే మాత్రం మొదటి నుంచీ ప్రయాణికుల కోసమే కట్టిన ఓడ. కాబట్టి ఓడను ఎంచుకునేటప్పుడు పేరుప్రతిష్ఠల కంటే ముందు కేబిన్ ఎత్తు, మరుగుదొడ్డి ఎక్కడ ఉంది, స్నానానికి వేడినీరు ఉందా అని అడగాలి. మోకాళ్ల నొప్పులున్నవారు నిచ్చెన వాలు ఎంతో కూడా తెలుసుకోవాలి.

యాత్రలు మే చివరి నుంచి అక్టోబరు నడిమి దాకా సాగుతాయి. నన్ను అడిగితే సెప్టెంబరు మేలు: పొగమంచు తగ్గుతుంది, గాలి నిలకడగా ఉంటుంది, రాత్రులు చలిగా ఉంటాయి కనుక ఉన్ని టోపీ, వాననీరు దూరని పైకోటు, రబ్బరు అడుగున్న బూట్లు వెంట తీసుకెళ్లాలి.