టెన్‌బరీలో విన్న గాంధారం

ఇంగ్లండు పడమటి అంచున ఉన్న టెన్‌బరీ వెల్స్‌కు వెళ్లదలచినవారికి ముందుగా ఒక మాట: బస దగ్గరి రైలు స్టేషనున్న లడ్లో ఊళ్లో చూసుకోండి, టెన్‌బరీలో వద్దు. మేము చేసిన పొరపాటుకు రెండు రాత్రులకు 248 పౌండ్లు చెల్లించాము. సెయింట్ మైకేల్స్ చర్చికి పది నిమిషాల నడక అని ఆ బస వివరాల్లో స్పష్టంగా రాసి ఉండడం వల్లనే, రాత్రికి 124 పౌండ్లు ఎక్కువే అనిపించినా, మోకాళ్ల నొప్పులున్న మా మామగారిని దృష్టిలో పెట్టుకుని దానిని ఎంచుకున్నాము. తీరా చూస్తే ఆ చర్చి ఊరికి సుమారు రెండు మైళ్ల దూరంలో ఉంది. ఆ సంగతి అడిగితే, పది నిమిషాలన్నది కారులో వెళ్లేవారి లెక్క అని యజమానురాలు బదులిచ్చింది. రెండో రాత్రి వద్దు, డబ్బు తిరిగి ఇమ్మంటే ఒక్క పౌండు కూడా వెనక్కి రాలేదు. శాకాహార ఫలహారం ఇస్తామన్నది కూడా డబ్బా చిక్కుడు గింజలు, రెండు రొట్టె ముక్కల దగ్గరే ఆగిపోయింది. ఏప్రిల్ చలిలో రాత్రి తొమ్మిదింటికే గది వేడిమి ఆపేయడంతో మా ఆవిడ కోటు వేసుకునే నిద్రపోయింది.

బర్మింగ్‌హామ్ నుంచి హెరిఫర్డ్ దాకా, అక్కడి నుంచి లడ్లో దాకా రైలు ప్రయాణం ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. లడ్లో నుంచి టెన్‌బరీకి టాక్సీ 32 పౌండ్లు. టెన్‌బరీకి ఒకప్పుడు రైలు ఉండేది గాని, 1962లో దాన్ని ఎత్తేశారు.

ఇంత దూరం వెళ్లింది సంగీతజ్ఞుడు సర్ ఫ్రెడరిక్ ఊజ్లీ కట్టించిన ఈ సెయింట్ మైకేల్స్ చర్చిని చూడడానికి. ఆయన 1825లో లండనులో పుట్టారు. తండ్రి సర్ గోర్ ఊజ్లీ కొన్నేళ్లు లక్నో నవాబు కొలువులో ఉండి, తరువాత పర్షియాలో బ్రిటిష్ రాయబారిగా పనిచేసిన పండితుడు. ఫ్రెడరిక్ అయిదేళ్ల వయసులోనే తండ్రి ముక్కు చీదిన శబ్దం ఏ స్వరమో చెప్పాడని అంటారు. ఎనిమిదేళ్లకే ఒక ఆపెరా రాశారు. పెద్దయ్యాక మతాచార్యులై, 1855లో ఆక్స్‌ఫర్డ్‌లో సంగీతాచార్య పదవిని, హెరిఫర్డ్ కెథీడ్రల్‌లో గాన నిర్వహణ బాధ్యతను చేపట్టారు. ఆరాధనా సంగీతం చాలాచోట్ల నిర్లక్ష్యానికి గురవుతున్న ఆ కాలంలో, అది రోజూ ఎలా ఉండాలో చేసి చూపించడానికి 1856లో తన సొంత ఆస్తి వెచ్చించి, ఆపిల్ తోటల మధ్య ఈ చర్చిని, దాని పక్కనే బాలగాయకుల కళాశాలను నెలకొల్పారు. మరుసటి ఏడాది అక్కడ ఆర్గన్ వాయించడానికి చేరిన కుర్రవాడే తరువాత సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో పేరు తెచ్చుకున్న జాన్ స్టెయినర్.

ఉదయం ముగ్గురమూ నడిచే బయలుదేరాము. కాలిబాట లేని, రెండు వైపులా కంచె పొదలు కమ్ముకున్న దారిలో కార్లకు తప్పుకుంటూ, నిలుస్తూ వెళ్లేసరికి యాభై నిమిషాలు పట్టింది. విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్న మామగారు దారి పొడవునా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన మౌనం చూసి మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది.

లోపల ఒక యువకుడు ఆర్గన్ సాధన చేస్తున్నాడు. ఆర్గన్ల తయారీదారు హెన్రీ విల్లిస్ చేతుల మీదుగా పునర్నిర్మాణం జరిగిన ఆ వాద్యపు మంద్ర నాదం గోడలకే కాదు, కూర్చున్న బల్లకు కూడా తెలుస్తుంది. అతడు ఆపగానే మామగారు దగ్గరికి వెళ్లి, అన్నిటికన్నా కింది షడ్జమం ఒక్కదాన్నే నొక్కి ఉంచమని కోరారు. అతడు నొక్కాడు. మామగారు కళ్లు మూసుకుని కాసేపు విని, తంబురా మంద్ర తీగలో తనంతట తానే వినిపించే స్వయంభూ గాంధారాన్ని సన్నగా పాడి, ఇదిగో ఇక్కడా ఉందన్నారు. ఆ తరువాత గాంధారపు మెట్టును కూడా నొక్కించుకుని, ఇది కొంచెం ఎక్కువగా ఉంది, లోపల పలికే గాంధారం ఇంతకన్నా తక్కువ అన్నారు. నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే ఆ యువకుడు పెద్దగా నవ్వి, మరో రెండు స్వరాలు పట్టి ఉంచాడు.

మామగారు పట్టుకున్నది ఊజ్లీ సిద్ధాంతానికి మూలమైన విషయమే. 1868లో వెలువడిన హార్మనీ గ్రంథంలో ఆయన, ఒక మంద్ర స్వరం మోగినప్పుడు దానిలోంచి సహజంగా పుట్టే అనుస్వరాలనే స్వర సమ్మేళనాలకు ఆధారంగా తీసుకున్నారు. మూల స్వరంతో కలిపి లెక్కిస్తే ఆ వరుసలో అయిదోది మన అంతర గాంధారం. ఆర్గన్, పియానో లాంటి మెట్ల వాద్యాలలో పన్నెండు స్వరస్థానాలను సమానంగా పంచడం వల్ల ఆ గాంధారం సహజ స్థానం కన్నా కొంత పైకి జరుగుతుంది. సిద్ధాంతానికీ శ్రుతి చేసిన వాద్యానికీ మధ్య ఉన్న ఈ ఎడం గురించి పుస్తకాలలో ఎన్నిసార్లు చదివినా నాకు పట్టుబడలేదు. ఆ రోజు చెవికి తెలిసింది.

1889 ఏప్రిల్‌లో హెరిఫర్డ్‌లో కన్నుమూసిన ఊజ్లీని ఈ చర్చి ఆవరణలోనే సమాధి చేశారు. కళాశాల మాత్రం 1985లో మూతపడింది. ఆయన జీవితమంతా సేకరించిన గ్రంథాలలో ముఖ్యమైనవి, స్వరకర్త హాండెల్ తన మెసయా అనే బృందగాన కృతిని నిర్వహించేటప్పుడు వాడిన ప్రతితో సహా, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయానికి చేరాయి. పిల్లల గొంతుల కోసం కట్టిన చోట రోజూ గానం లేకపోవడం నాకు బాధ కలిగించింది. పుస్తకాలు ఎక్కడున్నా భద్రంగా ఉంటాయి గాని, ఆ గోడల మధ్య నిత్యం సాగిన పాటను వేరొక చోటికి తరలించలేము.

చర్చి తాళం చెవులు చూసుకునే పెద్దావిడ మాకు టీ, ఆపిల్ కేకు పెట్టింది. డబ్బు అడగలేదు, మేమే పెట్టెలో పది పౌండ్లు వేశాము. ఆదివారం కావడంతో తిరుగు దారిలో బస్సు దొరకలేదు. రెండు మైళ్లకు టాక్సీ 14 పౌండ్లు తీసుకుంది. మీరు వెళితే తలుపు తీసి ఉంటుందో లేదో ముందే ఫోనులో కనుక్కోండి, ఆర్గన్ ఎప్పుడు వాయిస్తారో కూడా అడగండి. మరునాడు హెరిఫర్డ్‌లో దిగి కెథీడ్రల్‌లో సాయంకాల ఆరాధనా గానానికి కూర్చున్నాము. ప్రవేశం ఉచితం. నాలుగున్నర రైలుకు వెళ్దామన్న మామగారు, పాట పూర్తయ్యాక ఏడు గంటల రైలు ఉందేమో చూడమన్నారు.