విదేశీ చదువుల సరదా వీడియోకి డావించి రిజాల్వ్: ఉచిత వెర్షన్ ఎంతవరకు పనికొస్తుంది?

నాలుగైదు దేశాల్లో చదువుతున్న విద్యార్థులు తలో క్లిప్ ఫోన్‌లో తీసి పంపిస్తారు. వాటిని కలిపి మూడు నిమిషాల సరదా వీడియో చేయాలి. ఈ పనికి బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వారి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్ బాగా సరిపోతుంది. స్టూడియో వెర్షన్ ఎఫెక్టులు వాడనంతవరకు వాటర్‌మార్క్ పడదు. 3840×2160 సైజు వరకు ఎక్స్‌పోర్ట్ అవుతుంది. అయితే షూటింగ్‌లో జరిగిన తప్పుల్ని దిద్దే డీఫ్లికర్ (మినుకు తీసేది), నాయిస్ రిడక్షన్ (బొమ్మలోని గరుకు తగ్గించేది), వాయిస్ ఐసొలేషన్ (గొంతును మిగతా చప్పుళ్ల నుంచి వేరుచేసేది) వంటివి డబ్బు కట్టే స్టూడియోలోనే దొరుకుతాయి. అందుకే సగం పని సాఫ్ట్‌వేర్ తెరవకముందే అయిపోవాలి.

మొదటి చిక్కు లైట్ల మినుకు. అది కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో (హెర్ట్జ్) దాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. జపాన్‌లోనైతే తూర్పు సగం 50, పడమర సగం 60. హాస్టల్ గదిలో ట్యూబ్‌లైట్ కింద తీసిన క్లిప్‌లో నల్లటి పట్టీలు కదులుతున్నాయంటే షటర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేమ్‌కు కెమెరా వెలుతురు తీసుకునే సమయం) అక్కడి కరెంటుకు కుదరలేదన్నమాట. 50 హెర్ట్జ్ దేశంలో 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ దేశంలో 1/60 లేదా 1/120 పెట్టమని క్లిప్ పంపేవాళ్లకు ముందే రాసి పంపండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్ల వాళ్లకు హెచ్‌డీఆర్ (వెలుగు, రంగులు మామూలుకన్నా ఎక్కువ మేర పట్టే) వీడియో ఆపేయమని కూడా చెప్పండి. లేకపోతే మామూలు టైమ్‌లైన్‌లో (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీలో) ఆ ముఖాలు మిగతావాటి పక్కన వెలిసిపోయి కనిపిస్తాయి. క్లిప్‌ను వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

రెండోది ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) అన్నది. చాలా ఫోన్లు స్థిరమైన ఫ్రేమ్ రేట్‌తో తీయవు. దాంతో క్లిప్ నడిచేకొద్దీ పెదాల కదలిక ఒక దారిన, మాట ఒక దారిన పోతాయి. వీడియోలను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో వీడియో ట్యాబ్‌కి వెళ్లి ఫ్రేమ్ రేట్ 30, కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్, ఆర్ఎఫ్ (నాణ్యత అంకె) 18 పెట్టి క్లిప్పులన్నీ మార్చుకున్నాకే రిజాల్వ్‌లోకి తేవాలి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్‌ను మొదటి క్లిప్ రాకముందే 30 చేయండి, తర్వాత అది తాళం పడుతుంది. 25 ఫ్రేములతో తీసినవి ఎగుడుదిగుడుగా కదిలితే, హ్యాండ్‌బ్రేక్‌లో వాటిని మాత్రం 25లోనే ఉంచి రిజాల్వ్‌లో ఆప్టికల్ ఫ్లో (మధ్య ఫ్రేములను ఊహించి కల్పించే పద్ధతి) వాడవచ్చు. మాట్లాడే షాట్లకు అది బాగుంటుంది. డాన్స్‌లో మాత్రం వేళ్లు కరిగిపోయినట్టు కనిపిస్తాయి, అక్కడ వద్దు.

అసలు ఆనందం ఎడిట్ పేజీలో ఉంది. ఒక దేశం పలకరింపు నుంచి ఇంకో దేశం పలకరింపులోకి దూకే వరుసనే తీసుకోండి. జపాన్ విద్యార్థి నడుము వంచుతుంటే, ఆ వంపు పూర్తవడానికి రెండు మూడు ఫ్రేముల ముందే కట్ చేయాలి. తర్వాతి క్లిప్‌లో థాయ్ విద్యార్థిని చేతులు జోడించి తల అప్పటికే కిందికి వంచుతూ ఉండాలి. కదలిక ఒకే దిశలో సాగితే కట్ పడిందని కన్ను పట్టుకోదు. ఆమె నిలకడగా ఉన్న ఫ్రేమ్‌తో మొదలుపెట్టారో, వరుస అక్కడే తడబడుతుంది. కామా, ఫుల్‌స్టాప్ మీటలతో క్లిప్‌ను ఒక్కో ఫ్రేమ్ చొప్పున జరిపి చూసుకోండి. ఒక్కో పలకరింపుకు 20 నుంచి 25 ఫ్రేములు చాలు. మావోరీల హోంగీకి మాత్రం 40 ఇవ్వండి. ముక్కు, నుదురు నెమ్మదిగా ఆనించే పలకరింపు అది, తొందరపెడితే వెక్కిరింతలా ఉంటుంది. ఈ వరుస కుదరాలంటే అందరూ తల నుంచి నడుము దాకా ఒకే ఫ్రేమింగ్‌లో, ముందూ వెనకా రెండేసి సెకన్లు కదలకుండా నిలబడి తీయాలి.

సౌండ్‌లో రిజాల్వ్ నిజంగా గొప్పది. రెండో ఫోన్‌ను మాట్లాడేవారి ఛాతీకి జానెడు దూరంలో పెట్టి వాయిస్ రికార్డ్ చేసి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టిస్తే, ఆటో సింక్‌లో వేవ్‌ఫార్మ్ (శబ్దపు అలల ఆకారం) ఎంచుకోగానే రెండూ అతుక్కుంటాయి. గొంతుల హెచ్చుతగ్గులకు నార్మలైజ్ ఆడియో లెవెల్స్‌లో ఇండిపెండెంట్ ఎంచుకోండి. రిలేటివ్ పెడితే చిన్న గొంతు చిన్నగానే మిగిలిపోతుంది.

సబ్‌టైటిల్స్ దగ్గర ఓపిక కావాలి. మాటల్ని తనంతట తానే రాసిపెట్టే సౌకర్యం స్టూడియోలోనే ఉంది. బయట టైప్ చేసిన ఎస్ఆర్‌టీ ఫైలును (సబ్‌టైటిల్స్, వాటి సమయాలు ఉండే టెక్స్ట్ ఫైలు) తెలుగు అక్షరాలు చెడకుండా యూటీఎఫ్-8లో సేవ్ చేసి తెచ్చుకోవచ్చు. ఒకసారికి ఒక్క సబ్‌టైటిల్ ట్రాకే కనిపిస్తుంది కాబట్టి స్పానిష్ మాట, దాని తెలుగు అర్థం రెండూ కనబడాలంటే ఒకే పెట్టెలో రెండు వరుసలుగా రాయాలి. ఫాంట్ ఖరారు చేసేముందు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు టైప్ చేసి చూడండి. ఒత్తులు విడిపోతే ఆ టైటిల్‌ను వేరే చోట తయారుచేసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోవడం మేలు. ‘యూరప్‌లో ఏడాదికి 60 ఈసీటీఎస్ క్రెడిట్లు’ (అక్కడి విశ్వవిద్యాలయాల చదువు కొలిచే క్రెడిట్లు) లాంటి సమాచారపు కార్డు నాలుగు సెకన్లయినా తెర మీద నిలవాలి.

కంప్యూటర్‌కు 16 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది లేదు. 8 జీబీతో నడిపేవాళ్లు ప్లేబ్యాక్ మెనూలో టైమ్‌లైన్ ప్లేబ్యాక్ రిజల్యూషన్‌ను (పాత వెర్షన్లలో దాని పేరు టైమ్‌లైన్ ప్రాక్సీ రిజల్యూషన్) క్వార్టర్‌కి దించుకోవాలి. లైనక్స్ ఉచిత వెర్షన్‌లో మాత్రం ఫోన్ల హెచ్.264 (వీడియోను కుదించే ఒక పద్ధతి) క్లిప్పులు నేరుగా తెరుచుకోవు, కాబట్టి విండోస్ లేదా మ్యాక్ మీదే పని పెట్టుకోండి.

ప్రాజెక్టును ఇంకొకరికి అప్పగించేటప్పుడు ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ కాకుండా ప్రాజెక్ట్ ఆర్కైవ్ వాడండి. మొదటిదాంట్లో క్లిప్పులు ఉండవు, తెరిచినవాళ్లకు టైమ్‌లైన్ నిండా ‘మీడియా ఆఫ్‌లైన్’ అని ఎర్రగా కనిపిస్తుంది.