కాలిబాట మీది కానుగ: కొట్టడమా, ఉంచడమా, చోటివ్వడమా?

మే నెల విజయవాడ ఎండలో అమ్మను చక్రాల కుర్చీలో మందుల దుకాణానికి తీసుకెళ్లాలంటే నాకు రెండు కావాలి: పైన నీడ, కింద చదునైన నేల. మా వీధి కాలిబాట వెడల్పు రెండు మీటర్లు. గోడ వైపున్న కానుగ పాదు అందులో 1.2 మీటర్లు తీసుకుంది. మిగిలింది ఎనభై సెంటీమీటర్లు. కుర్చీకి కనీసం తొంభై కావాలి. అందుకని ప్రతి చెట్టు దగ్గరా కుర్చీని రోడ్డు మీదికి దించి మళ్లీ ఎక్కిస్తాను. చెట్లు పదకొండు.

కొట్టించేస్తే పోతుంది కదా అంటారు ఇరుగుపొరుగు. బాట సాఫీ అయ్యే మాట నిజమే. కానీ నీడలేని పలకల మీద మధ్యాహ్నం రెండింటికి అమ్మను ఎలా తిప్పను? కుర్చీ ఇనుప రింగులు చేయి పెట్టలేనంత కాలుతాయి. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం ఉన్న వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకుని, బదులుగా మొక్కలు నాటినా, అవి ఇంత నీడ ఇచ్చేసరికి అమ్మకు ఎన్నేళ్లు వస్తాయి?

ఉన్నది ఉన్నట్టుంచి కాండం దాకా సిమెంటు పోయడం రెండో దారి. నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డది ఇదే. నేల బిగిసి గాలీ నీరూ లోపలికి అందకపోతే వేళ్లు పలకల కిందికి పాకి, లావెక్కే కొద్దీ వాటిని లేపేస్తాయి. చెట్టూ నీరసిస్తుంది, బాటా పాడవుతుంది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించమని ఆదేశించింది. పాదు మీద ఇనుప జాలీ వేస్తే కొంత నయం. అయితే దాని సందులు సన్నగా, నడిచే దిక్కుకు అడ్డంగా ఉండాలి. లేకపోతే కుర్చీ ముందు చక్రాలూ, చూపులేనివారి కర్ర మొనా ఇరుక్కుంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. కాండానికి బాట వైపు ఒక మీటరు వదలాలి. నడిచేవారికి అడ్డంకి లేని 1.8 మీటర్లు ఉండాలని, రోడ్ల నిర్మాణ ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు చెప్పాయి. గోడకూ కాండానికీ మధ్య చోటు కూడా కలిపితే దాదాపు మూడున్నర మీటర్లు. రెండు మీటర్లలో ఇది ఇమడదు. కానీ పక్కనే కార్లు ఆపే పట్టీ మరో రెండు మీటర్లు ఉంది! పగలంతా కదలని బండికి ఇచ్చిన చోటు అది. చెట్టు ఎదుట బాటను అదే ఎత్తులో ఆ పట్టీలోకి అర్ధచంద్రంలా జరిపితే కుర్చీ దిగనక్కరలేదు, చెట్టూ నిలుస్తుంది. అంధుల కోసం వేసే గాడుల పలకలు కూడా ఆ వంపు వెంటే సాగాలి. వాననీరు పారడానికి కింద గొట్టం వేయాలి. ఖర్చు ఎక్కువే. దుకాణదారులకు చెట్టుకో కారు చోటు పోతుంది. సరుకు దించుకోవడానికి చెట్ల మధ్య ఖాళీ మిగులుతుంది. ఈ మూడింటిలో నేను కోరేది ఇదే. కొత్త మొక్కలైతే మొదటే ఆ పట్టీలో నాటితే సరిపోతుంది.

సన్నటి సందుల్లో ఇది కుదరదు. అక్కడ ఎత్తు బాట మానేసి, వీధంతా ఒకే మట్టం చేసి, వాహనాల వేగం తగ్గించడం మేలు.

మా వీధిలో ముందుగా మందుల దుకాణం ఎదుటి కానుగ దగ్గర చేసి చూపమని అర్జీ పెట్టాను. బాట మీద 2.2 మీటర్ల ఎత్తు వరకు కొమ్మలు తీయించమని కూడా రాశాను. వేలాడే కొమ్మ చూపులేనివారి కర్రకు తగలదు, ముఖానికి తగులుతుంది.