"నిద్ర + మూడ్" అమైనో యాసిడ్ డబ్బాలు: కొనేముందు వెనక లేబుల్ చదవండి

ఈ డబ్బాల్లో కొన్నింటి మీద "ప్రొప్రైటరీ బ్లెండ్ 1,500 మి.గ్రా." (కంపెనీ సొంత మిశ్రమం) అని ఒక్క అంకే ఉంటుంది. అందులో ట్రిప్టోఫాన్ ఎంత, 5-హెచ్‌టీపీ ఎంత, టైరోసిన్ ఎంత అన్నది విడిగా రాయరు. అలాంటిది దయచేసి కొనకండి. దేని మోతాదు ఎంతో తెలియకపోతే ఏది పడలేదో కనుక్కోవడం డాక్టరుకు కూడా కష్టం.

అసలు భయం 5-హెచ్‌టీపీతో. ట్రిప్టోఫాన్ ఒంట్లో సెరటోనిన్‌గా (మూడ్, నిద్రల మీద పనిచేసే రసాయనం) మారే దారిలో మొదటి ఎంజైము దగ్గర వేగానికి అదుపు ఉంటుంది. 5-హెచ్‌టీపీ ఆ మెట్టు దాటాక తయారయ్యే పదార్థం కాబట్టి ఆ అదుపు దానికి వర్తించదు. మెదడుకు చేరకముందే పేగుల్లోనూ సెరటోనిన్‌గా మారుతుంది. వికారం, విరేచనాలు అందుకే. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు, నొప్పులకిచ్చే ట్రమడాల్, లినెజోలిడ్ యాంటీబయాటిక్, ఆఖరికి డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్ వాడుతున్నా దీని జోలికి పోవద్దు. అవీ సెరటోనిన్‌ను పెంచేవే, రెండూ కలిస్తే మితిమీరొచ్చు. ట్రిప్టోఫాన్‌కూ ఇదే జాగ్రత్త. ఫ్లూఆక్సెటిన్ ఆపేశాక కూడా దాదాపు 5 వారాలు ఒంట్లో ప్రభావం ఉంటుంది. అలాగని ఈ డబ్బా కోసం డాక్టరు రాసిన మందును సొంతంగా మానేయకండి, అది ఇంకా ప్రమాదం.

టైరోసిన్ కలిపి "రాత్రి పడుకునే ముందు 2 క్యాప్సూల్స్" అని రాసే తయారీ అర్థం లేనిది. టైరోసిన్ నుంచి తయారయ్యేవి డోపమిన్, నోరడ్రినలిన్. అవి మెలకువనిచ్చేవి.

ట్రిప్టోఫాన్‌ను ప్రొటీన్ షేక్‌తోనో బీసీఏఏ (లూసిన్, వాలిన్ లాంటి అమైనో యాసిడ్ల పొడి)తోనో వేసుకుంటే డబ్బు దండగ. లూసిన్, వాలిన్ లాంటివి మెదడులోకి పోవడానికి అదే వాహకం కోసం పోటీపడతాయి, గెలిచేది అవే.

శుద్ధత మాట తేలిగ్గా తీసుకోకండి. 1989లో అమెరికాలో ఒకే తయారీదారు నుంచి వచ్చిన ట్రిప్టోఫాన్‌ వల్ల 1,500 మందికి పైగా ఈయోసినోఫిలియా-మయాల్జియా సిండ్రోమ్ (రక్తంలో ఒక రకం తెల్లకణాలు పెరిగి, కండరాలు తీవ్రంగా నొప్పెట్టే జబ్బు) పాలయ్యారు, 30 మందికి పైగా చనిపోయారు. కాబట్టి బ్యాచ్ నంబరుతో బయటి ల్యాబ్ పరీక్ష రిపోర్టు అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి.

కొనాల్సే వస్తే ఒకే పదార్థం ఉన్నది చూడండి. నిద్ర మీద గ్లైసిన్ (ఇదీ ఒక అమైనో యాసిడే) పరీక్షలు పడుకునే ముందు 3 గ్రాములతో జరిగాయి. ఒకేసారి రెండు మొదలుపెట్టకండి.

వణుకు, చెమటలు, కండరాలు ఎగిరిపడటం, గుండెదడ, జ్వరం, కంగారు: సెరటోనిన్ మితిమీరితే ఇవి కొన్ని గంటల్లోనే కనిపించొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. డబ్బాతో పాటు వాడుతున్న మందులన్నీ చేత్తో పట్టుకెళ్లండి.