క్రొయేషియా రైతు పార్టీ సంపుటం: అచ్చు బాగుంది, పటాలు చెడ్డాయి

రాజమహేంద్రవరం కోటగుమ్మం ప్రాంతంలో, ఫైలు పంపితే అచ్చు వేసి బైండింగు చేసి ఇచ్చే చిన్న దుకాణంలో మా కోనసీమ ఊరి గ్రంథాలయం కోసం ఒక సంపుటం కట్టించాము. రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలపు క్రొయేషియా రైతు పార్టీపై సేకరించిన వ్యాసాలు, ఎన్నికల పటాలు అందులో ఉన్నాయి.

అచ్చుకు వంక పెట్టడానికి లేదు. కళ్లజోడు పెట్టుకునే పెద్దవారు సైతం అధోజ్ఞాపికలను (ఫుట్‌నోట్లను) ఇబ్బంది లేకుండా చదువుతున్నారు. కుట్టు బైండింగు కావడం వల్ల బల్లమీద తెరిచి పెడితే పేజీలు మూసుకుపోవు. అంతూన్, స్త్యెపాన్ రాదిచ్ సోదరులు 1904లో పార్టీని స్థాపించిన నాటి నుంచి, 1928 జూన్ 20న, క్రొయేషియా అప్పుడు భాగమైన ఉమ్మడి రాజ్యపు రాజధాని బెల్‌గ్రేడ్‌లో, పార్లమెంటులోనే ఒక సభ్యుడు తుపాకీ పేల్చి ఇద్దరు రైతు పార్టీ సభ్యులను చంపి స్త్యెపాన్‌ను గాయపరచడం, ఆగస్టు 8న ఆయన మరణించడం, వ్లాద్కో మాచెక్ నాయకత్వం చేపట్టడం వరకు కథ ఎక్కడా తెగకుండా సాగుతుంది. రైతుల పంటకు మంచి ధర రాబట్టడానికి 1935లో పార్టీ నెలకొల్పిన ఆర్థిక సంస్థ గోస్పొదార్‌స్కా స్లోగాపై ఉన్న పేజీల అంచులు అప్పుడే నలిగాయి. 2011లో గిట్టుబాటు ధర లేదని క్రాప్ హాలిడే పాటించి సార్వా నాట్లు మానిన మా కోనసీమ రైతులు ఆ భాగాన్ని ఊరికే తిప్పేసి పోతారా?

చిక్కంతా పటాలతో వచ్చింది. 1920 ఎన్నికల్లో ఈ పార్టీ గెలిచిన 50 స్థానాలు క్రొయేషియా-స్లవోనియాలోనివే. 1923లో గెలుపు తీరప్రాంతమైన డాల్మేషియాకు, బోస్నియా-హెర్జెగోవినాలోని క్రొయేట్ల ప్రాంతాలకు విస్తరించి స్థానాలు 70కి చేరాయి. ఒక ప్రాంతపు పల్లెల పార్టీ అప్పట్లో సెర్బులు, క్రొయేట్లు, స్లొవీన్ల రాజ్యమనే పేరున్న యుగోస్లావియాలోని క్రొయేట్లందరి ప్రతినిధిగా ఎలా మారిందో తెలియాలంటే ఆ రెండు పటాలను పక్కపక్కన పెట్టి చూడవలసిందే. దుకాణంవారు వాటిని నలుపు తెలుపుల్లో వేయడంతో పార్టీల రంగులన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోయి, సెర్బుల పార్టీలు గెలిచిన జిల్లా ఏదో రాదిచ్ గెలిచిన జిల్లా ఏదో పోల్చుకోలేని స్థితి ఏర్పడింది. పైగా సరిగ్గా క్రొయేషియా ముఖ్యనగరం జాగ్రెబ్ ఉన్నచోటు కుట్టులోకి పోయింది.

ఫోను చేస్తే, “కలర్ అని ఆర్డరులో రాయలేదు కదండీ” అన్నారు. మాట నిజమే కావచ్చు. అయినా రంగుల సూచిక ఉన్న పటం కంటబడినప్పుడు ఒక్కసారి అడగడం అచ్చు పని తెలిసినవారి బాధ్యత. అదనపు రుసుము తీసుకుని రంగు ప్రతులు వేసి ఆర్టీసీ కార్గోలో అమలాపురం పంపారు. అవి శుభ్రంగా వచ్చాయి గాని, వాటిని అతికించాక సంపుటం ఆ భాగంలో ఉబ్బింది.

వ్యాసాలు మాత్రమే ఉన్న ఫైలైతే ఈ దుకాణానికి నిశ్చింతగా ఇవ్వవచ్చు. పటాలుంటే రంగు కావలసిన పేజీల సంఖ్యలను ఆర్డరులోనే రాసి, కుట్టువైపు అంచు ఎక్కువ వదలమని చెప్పి, కట్టకముందు ఆ పేజీల నమూనాను వాట్సాప్‌లో తెప్పించుకుని చూడాలి.