బెజవాడలో కార్తీక ఆదివారం, చివర్లో ఉలవచారు

కార్తీకంలో ఆదివారం పూట బెజవాడ పోవద్దని అమ్మ చెప్పనే చెప్పింది. నలుగురు స్నేహితులకీ కలిసి సెలవు దొరికింది ఆ ఒక్కరోజే. వెళ్లాం.

తెల్లారి ఆరింటికి రైలు దిగి గాంధీనగర్‌లో ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. స్టేషన్‌కి నడిచిపోయే దూరం, దుప్పట్లు ఉతికినవే. మెచ్చుకోవడానికి అంతే. వేడినీళ్లు ఎనిమిదికి గానీ రావన్నారు. చెకౌట్ 24 గంటలు, ఆరు దాటితే అరపూట అద్దె పడుతుందని కౌంటర్లో కుర్రాడు రెండుసార్లు గుర్తుచేశాడు. చన్నీళ్లు పోసుకుని బయటపడ్డాం.

ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి రెండున్నర గంటలు. తిట్టుకుని లాభం లేదు, ఆ జనంలో మేమూ ఉన్నాం కదా.

బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకి ఆటో. ఎనిమిదొందలు అడిగినవాడు రానూపోనూ అయిదొందలకి దిగాడు. రోజంతా పెట్టిన ఖర్చులో గిట్టుబాటైంది ఇదే. దూరం నుంచి నాలుగంతస్తుల మేడలా ఉంటుంది, తీరా వెళ్తే అంతా కొండని తొలిచిందే. పైన చీకటి గదిలో అనంతపద్మనాభుడు పడుకుని ఉంటాడు. ఎండలోంచి లోపలికి అడుగుపెడితే ముందు ఏమీ కనపడలేదు. కాసేపటికి పాదాలు, ఇంకాసేపటికి ముఖం తేలాయి. బయట వరసగా కూర్చున్న రాతి ఋషుల పక్కన మేమూ కూలబడ్డాం. ఎదురుగా పొలాలు, ఒకటే గాలి. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, రాయి కాలుతుంది.

కొండపల్లి ఖిల్లా ఎక్కే ఓపిక లేక బొమ్మలతోనే సరిపెట్టాం. ఒక ఇంటి అరుగు మీద పెద్దావిడ తెల్లపొణికి కర్రతో చేసిన ఏనుగుకి తొండం అతికిస్తోంది. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దని ‘మక్కు’ అంటారు. వేలితో తీసి రాసి, తడిచేత్తో ఒక్కసారి నిమిరింది. అతుకెక్కడో నాకు దొరకలేదు. ఎక్కడైనా బేరమాడే నేను అక్కడ నోరెత్తలేదు.

భవానీ ద్వీపం పడవ ఎక్కనేలేదు. పున్నమి ఘాట్ దగ్గర వనభోజనాల జనాన్ని చూసి వెనక్కి తిరిగాం. బదులుగా ప్రకాశం బ్యారేజీ మీద పల్లీలు తింటూ నిలబడ్డాం. 1957లో పూర్తయింది, 70 గేట్లు. అన్నీ లెక్కపెడతానని పందెం కట్టినవాడు ముప్పై దగ్గర తప్పాడు.

రాత్రి తిండి దగ్గర గొడవ. ఇద్దరికి కార్తీక నియమం, ఒకడికి బిరియానీ కావాలి, నాకు కూర్చోడానికి కుర్చీ ఉంటే చాలు. రాజీగా ఫోన్లో చూసి బందరు రోడ్డులో ఒక పెద్ద రెస్టారెంటుకి వెళ్లాం. టోకెనిచ్చి ముప్పావుగంట నిలబెట్టి, తీరా వంతొచ్చాక ఇద్దరిద్దరుగా వేరే టేబుళ్లలో సర్దుకోమన్నారు. వచ్చేశాం.

గవర్నర్‌పేట సందులో సగం దించిన షట్టరు కింద లైటు కనపడింది. వంగి చూస్తే మెస్సు, ఆరు టేబుళ్లు. “నలుగురేనా? రండి బాబూ, అన్నం ఇప్పుడే దింపుతున్నా” అన్నాడు పెద్దాయన.

అరిటాకు. ముద్దపప్పు, నెయ్యి, దోసావకాయ. తర్వాత చిన్న స్టీలు బకెట్లో ఉలవచారు. గరిటె వంచితే తొందరపడకుండా జారింది. అన్నం మధ్య గుంట చేయమని, చారు పోసి, పైన చెంచాడు మీగడ వేశాడు. నల్లటి చారులో ఆ తెలుపు మెల్లగా విచ్చుకుంటుంటే కాసేపు కలపబుద్ధి కాలేదు. ముందురోజు రాత్రి నుంచి మరిగిన కట్టట. ఉడికిన ఉలవలు పక్కింటి గేదెలకట, అదృష్టవంతులు. బిరియానీ అన్నవాడే మూడోసారి వేయించుకున్నాడు. “మొహమాటపడకండి” అంటూ ఆయన మాత్రం మా మొహాలు చూడకుండా వడ్డిస్తూనే ఉన్నాడు.

లోటు లేకపోలేదు. చెయ్యి కడిగే కుళాయి సందులో ఉంది, పెరుగు కాస్త పులిసింది, ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రాదు. నలుగురికీ కలిపి 520 రూపాయలు.

“పొద్దున చిట్టిగారెలు వేస్తా, ఏడింటికి రండి” అన్నాడు పెద్దాయన. మా రైలు ఆరూ పదికి. లాడ్జి మెట్లెక్కేదాకా ఎవరం మాట్లాడలేదు. కౌంటర్లో తాళం అందుకుంటూ అరపూట అద్దె ఎంతని అడిగింది ఆ బిరియానీవాడే.